చందమామకు ఘాట్‌రోడ్డు

ఇరవై ఆరేళ్లుగా సింహాచలం ఘాట్‌రోడ్డు మీద భక్తుల్ని ఎక్కించి దించుతున్న గంగాధరరావు, తన కారు స్టీరింగు ముందు సాక్షాత్తూ అప్పన్నస్వామినైనా కూర్చోనివ్వడు. అలాంటిది, డిగ్రీలో ఫిజిక్సు చదివే కూతురు నీలిమ, లైసెన్సు వచ్చిన మూడోనాడే కొండమీంచి కారు తనే దించుతానని పట్టుబట్టింది. ఆయనకు పిల్లంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఘాట్‌రోడ్డు మలుపులకు అప్పగించాలంటే మనసొప్పలేదు. కొండమీద కార్లు ఆపే చోట, తప్పించుకోవడానికి ఓ పరీక్ష పెట్టాడు.

“సందమామకి రోడ్డేశారనుకో. ఈ కారెలా నడుపుతావో సెప్పు. సరిగ్గా సెప్తే తాళం నీదే.”

పిల్ల నోరు మూతపడుతుందనుకున్నాడు, పాపం.

“గాలి లేని సోట ఇంజిన్లో డీజిలు మండదు నాన్నా. ముందు దీన్ని బ్యాటరీ కారు సెయ్యాల. గంటకి ఎనభైలో ఆగకుండా ఎల్తే రెండొందల రోజులు. రోడ్డు నిట్టనిలువు కదా, టైరు ఆనదు. రోడ్డుకీ సక్రానికీ పళ్లుండాల.”

“మరి ఎక్కుడు ఎంతదాకా?”

“పదింట తొమ్మిదొంతులు. అక్కడిదాకా భూమి ఎనక్కి లాగుద్ది. అది దాటితే సందమామే లాక్కుంటాది. ఆపైనంతా దిగుడే.”

గంగాధరరావు ముఖం వెలిగిపోయింది. దిగుడంటే తన ఇలాకా. “ఇంకేటి! న్యూట్రల్‌లో పడేసి కూకోడమే!”

నీలిమ నవ్వలేదు. “పడేస్తే ఇంక అడ్డేటుంది? ఎదురుగాలైనా ఉండదు. జారేకొద్దీ జోరే. నేల తగిలేసరికి గంటకి ఎనిమిదివేల కిలోమీటర్లు. ఎక్కిన గేరులోనే దిగాలని నాకు సెప్పింది నువ్వే కదా నాన్నా.”

చెప్పేవి శ్రీరంగనీతులు! ఆ పాఠం చెప్పిన పెద్దమనిషే, డీజిలు కలిసొస్తుందని రోజూ కొండంతా న్యూట్రల్‌లో దిగుతాడు.

“నాను అలా దిగుతానని నీకెవరు సెప్పారే?”

“కిందటేడు ఎనక సీట్లో నానే ఉన్నాను. మలుపుకాడ బ్రేకు అందక రెండుసార్లు తొక్కావు.” నీలిమ తాళం కోసం చెయ్యి చాపింది. “అప్పణ్ణించీ నువ్వు ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. అందుకే డ్రైవింగు నేర్సుకున్నాను.”

కూతురిమీద ప్రేమ, తనమీద సిగ్గు ఒక్కసారే ముంచుకొచ్చి గంగాధరరావుకు కళ్లు చెమర్చాయి. తాళం ఆమె చేతిలో పెట్టి, అటు తిరిగి వెళ్లి, తన కారులో మొట్టమొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు.

“సెకండు గేరులో దింపు తల్లీ,” అన్నాడు. “మనకి తొందరేటీ లేదు.”