ఏడో గుమ్మం

తలుపు తట్టి, గబగబా రెండడుగులు వెనక్కి వేసి, కాగితాల అట్టను గుండెకు అడ్డం పెట్టుకుని నిలబడింది లెక్కలమ్మ. లోపల గడియ కదిలిందంటే చాలు, ఆమెకు దడ మొదలవుతుంది. కుక్క వస్తుందో, కసిరే మనిషి వస్తాడో ఎవరికి తెలుసు! "నీ నీడను చూసి నువ్వే జడుసుకుంటావు. నీకీ ఉద్యోగం ఎవరిచ్చారే బాబూ!" అని అక్క ఇప్పటికీ ఆటపట్టిస్తూనే ఉంటుంది.

అక్క అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. భయపడే పెళ్ళి చేసుకోలేదు. భయపడే అక్క ఇంట్లో వెనక గదిలో ఉండిపోయింది. ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. మనుషులు తీగకు అవతలే ఉండేవాళ్ళు, ప్రాణం హాయిగా ఉండేది. అది మూతపడ్డాక దొరికింది ఇల్లిల్లూ తిరిగే ఈ సర్వే పనే, లెక్కలమ్మ అనే పిలుపూ దీంతో వచ్చిందే. ఇందులో ఆమెకు నచ్చింది ఒక్కటే, ఏ ఇంటికి వెళ్ళాలో తను తేల్చుకోనక్కర్లేదు. వీధిలో ఎక్కడ మొదలుపెట్టాలో ఆఫీసులో చీటీ తీస్తారు. అక్కణ్ణుంచి ప్రతి ఏడో గుమ్మం. మేడైనా, రేకుల గదైనా ఏడోది ఏడోదే. మనిషి దొరక్కపోతే ఇంకో పూట, ఇంకో రోజు మళ్ళీ వెళ్ళాలి. అంతేగాని పక్కింటివాళ్ళను పట్టుకుని రాసేయకూడదు.

ఈసారి అడగాల్సింది దగ్గు గురించి, ఆయాసం గురించి. తలుపు తీసిన ఇల్లాలు చంకలో పిల్లతోనే అన్నింటికీ జవాబు చెప్పి, "మంచినీళ్ళు తాగుతారా?" అని కూడా అడిగింది. లెక్కలమ్మ ప్రాణం కుదుటపడింది. తాగి వీధిలోకి వచ్చేసరికి, ఎదురుగా స్కూటర్ ఆపుతూ సూపర్‌వైజర్ కనిపించింది. చురుకైన పిల్ల, లెక్కలమ్మకంటే సగం వయసు.

"అక్కా, మీరు రాసిన ఇళ్ళలోంచి చీటీ తీశాం. రేపు వాటికి నేనే వెళ్ళి మళ్ళీ అడుగుతాను. సైకిల్ షాపు మీది గది కూడా వచ్చింది."

లెక్కలమ్మ అట్టను మళ్ళీ గుండెకు అడ్డం పెట్టుకుంది. "అ... అదెందుకమ్మా?"

"అదేం లేదక్కా, అందరివీ చూస్తాం. కూరలో ఉప్పు చూడాలంటే గిన్నెడూ తినం కదా, ఒక చెంచా చాలు. కానీ అడుగుదాకా కలిపి తీయాలి. పైపైన తేలింది తీసి బాగుందనుకుంటే కొంప మునుగుతుంది."

స్కూటర్ వెళ్ళిపోయింది. మునిగేది తన కొంపేనని లెక్కలమ్మకు అర్థమైంది. ఒకరి బదులు ఒకరిని రాశారని తేలితే అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు?

పోయిన వారం ఆ మేడమెట్లు ఎక్కింది. ఇరుకు మెట్లు, పట్టపగలే చీకటి. పైన ఒకటే గది. తలుపు తట్టి, "సర్వే నుంచి వచ్చానండీ!" అంది. జవాబు లేదు. కాసేపటికి లోపల ఏదో నేలమీద ఈడ్చుకుంటున్న చప్పుడు. ఆగింది. గర్రుమని ఒక శబ్దం. మళ్ళీ ఈడుపు, ఇంకాస్త దగ్గరగా. మనిషో, మృగమో! లెక్కలమ్మ ఒళ్ళంతా చెమట పట్టింది. "మళ్ళీ వస్తానండీ!" అని నోటి అలవాటుగా అరిచి, మెట్లమీద పడుతూ లేస్తూ కిందికొచ్చింది. కింద షాపులో మెకానిక్ ట్యూబుకు పంచరు వేస్తున్నాడు. దిట్టమైన మనిషి. "నాకు ఆయాసమా! పంపు లేకపోతే నోటితో ఊది ట్యూబు ఉబ్బించేస్తాను లెక్కలమ్మా!" అని నవ్వాడు. దగ్గు లేదు, ఆయాసం లేదు. కాగితంలో పైగదికి కేటాయించిన చోట అదే రాసేసింది.

ఇక రేపటిలోగా ఆ తలుపు తట్టాల్సిందే. వీధి పొడుగునా ఆమె కాళ్ళు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. షాపు కనబడగానే ఆ ఈడుపు చప్పుడు చెవుల్లో మళ్ళీ మొదలైంది. ఏదైతే అదవుతుందని మెట్లవైపు తిరిగింది.

"పైకా లెక్కలమ్మా?" మెకానిక్ లేచి నిలబడ్డాడు. ఇవాళ నవ్వడం లేదు. "పెద్దాయన లేడుగా. పొద్దున్నే ప్రాణం పోయింది. తమ్ముడి కొడుకొచ్చి ఇందాకే తీసుకెళ్ళాడు."

"ఏ పెద్దాయన?"

"పాత బస్సు డ్రైవరు. ఊపిరి జబ్బు. మంచం నుంచి తలుపుదాకా రావాలంటే కుర్చీ పట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ, మధ్యలో ఆగి ఆగి వచ్చేవాడు పాపం. ఆ రోజు మీరు పిలిస్తే వచ్చి తలుపు తీశాడంట, అప్పటికే మీరు లేరు. నేనే చెప్పాను, వాళ్ళు మళ్ళీ వస్తారు, వాళ్ళకి అది రూలు అని. మీరే మళ్ళీ వస్తానని అరిచారు కదా?"

లెక్కలమ్మ తలూపింది.

"అప్పట్నుంచి రోజూ అదే గొడవ. 'లెక్కలావిడ వచ్చిందేమిట్రా?' అని. 'నా గురించి అడగడానికి ఎవరొస్తున్నారు చెప్పు' అనేవాడు."

ఆమె పైకెక్కింది. ఎందుకు ఎక్కుతోందో ఆమెకే తెలియదు. ఇప్పుడు భయపడటానికి అక్కడ ఏమీ లేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. తలుపుకు తాళం వేలాడుతోంది. గోడవారగా ఒక కొత్త వస్తువు, పోయిన వారం లేనిది.

కిందనుంచి మెకానిక్ గొంతు వినిపించింది. "ఆ స్టూలు మీకే వేయించాడమ్మా! 'నేను తలుపు తీసేసరికి ఆలస్యమవుతుందిరా, అందాకా ఆవిణ్ణి కూర్చోమను' అన్నాడు."

లెక్కలమ్మ ఏడ్చింది. అట్ట తీసి, పైగదికి రాసిన మెకానిక్ జవాబులన్నీ కొట్టేసింది. పక్కన, "ఆయాసం ఉంది. నేను మళ్ళీ రాలేదు" అని రాసింది. రేపు సూపర్‌వైజర్ చూస్తుంది. చూడనీ.

ఆమె దిగిపోయింది. తాళం వేసిన తలుపు పక్కన ఆ స్టూలు అలాగే ఉంది. దాని మీద ఉతికిన దుప్పటి ముక్క, మెత్తగా ఉండాలని నాలుగు మడతలు వేసినది, ఎవరూ కూర్చోనిది.