ఆల్సీ బావ గ్యారేజీకి ఎనిమిది కన్నాలు

బాయూ అనే బురద ఏటి ఒడ్డున ఉండే మేం ఇళ్ళను ఎత్తు స్తంభాల మీద కట్టుకుంటాం. గ్యారేజీని మాత్రం నేల మీదే కట్టుకుంటాం, కారు మెట్లెక్కదు కనుక. అందుకే దానికి వేరే రూలు ఉంది. నేలకు జానెడు ఎత్తులో గోడలకు కన్నాలు పెట్టాలి. వరద వస్తే నీళ్ళు లోపలికి రావాలి, తగ్గితే బయటికి పోవాలి. లోపల కారూ సామానూ పెట్టుకోవచ్చు గానీ మనిషి మకాం పెట్టకూడదు, పనిశాల పెట్టకూడదు. ఈ రూలు చెప్పి ఊరందరి చేతా తిట్లు తినడమే నా ఉద్యోగం. అందరికంటే ఓపిగ్గా తిట్టినవాడు మా అక్క వెర్నా మొగుడు, ఆల్సీ బావ.

"గోడ కట్టేది నీళ్ళు రాకుండానా, పిలిచి కూర్చోబెట్టడానికా?" అన్నాడు ఆ రోజు. "వరదకి గుమ్మం పెట్టమనే ఆడదాన్ని నిన్నే చూశాను యూలా."

"పెట్టకపోతే సంతకం పెట్టను బావా."

"పెట్టకు. మీ అక్క గంబో పులుసు వండితే నీకు పెట్టను."

చివరికి సణుగుతూనే ఎనిమిది కన్నాలు పెట్టాడు. నేను సంతకం పెట్టాను, గంబో తిన్నాను, ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి అంత తేలిగ్గా లొంగాడంటే నాకప్పుడే అనుమానం రావలసింది.

ఈ వసంతంలో ఎగువన వానలు పడి బాయూ పొంగింది. మధ్యాహ్నం వేళ ఆఫీసు వాళ్ళ చదునైన అడుగున్న పడవలో ఇల్లిల్లూ చూసుకుంటూ అక్క వాళ్ళ వీధికి వచ్చాను. నీళ్ళ మీద కొరివి చీమలు ముద్దలు కట్టి తేలుతున్నాయి. తగిలితే ఒళ్ళంతా నిప్పు పెట్టినట్టుంటుంది కనుక తెడ్డుతో దూరంగా నెట్టుకుంటూ పోయాను. అక్క పైన వరండాలో జనరేటరు పక్కన కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. ఆ జనరేటరు నుంచి ఒక వైరు రెయిలింగు దాటి, పెరడు మీదుగా గ్యారేజీ కిటికీలోకి పోయింది.

"బావ ఏడీ?"

"ఎక్కడుంటాడు? కింద గ్యారేజీలో, నాన్న పడవ దగ్గర. రెండు పంపులు పెట్టి ఊరే నీళ్ళు ఊరినట్టే తోడుతున్నాడు. లోపల పాదం కూడా తడవలేదట, ఒకటే మురిసిపోతున్నాడు."

బయట నడుంలోతు నీళ్ళున్నాయి. "తడవకపోవడమేంటక్కా? కన్నాలున్నాయిగా?"

అక్క కాఫీ గ్లాసులోకి చూసింది. "పోయిన చలికాలం ఒక కన్నంలోంచి పాము దూరింది. నేను కెవ్వుమన్నాను. అన్నిటికీ చెక్కలు బిగించి, సందుల్లో గట్టిపడే నురుగు కొట్టేశాడు. నీకు చెప్పొద్దన్నాడు."

కిందటి వరదలో మా ఊళ్ళోనే ప్రెజాన్ వాళ్ళు గ్యారేజీని ఇలాగే మూసిపెట్టుకున్నారు. గోడ ఒక్కసారిగా లోపలికి కూలి ట్రక్కు అప్పడమైపోయింది. ట్రక్కులో మనిషి లేడు కాబట్టి సరిపోయింది. ఇక్కడ లోపల ఉన్నది మా అక్క మొగుడు.

నా పడవను గ్యారేజీ గోడ వారకు చేర్చి కిటికీలోంచి చూశాను. తల మాత్రమే పట్టేంత కిటికీ అది. లోపల నిజంగానే పొడిగా ఉంది. పెద్ద తలుపుకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. మధ్యలో చెక్క స్టాండ్ల మీద మా నాన్న పడవ ఉంది. సైప్రస్ చెక్కతో నాన్న తన చేత్తో చేసుకున్నది. ఆయన పోయాక ఏళ్ళ తరబడి బోర్లా పడి ఎండింది. పలకల మధ్య గడ్డిపరకలు దూరేంత సందులు పడ్డాయి. దాన్ని ఇక్కడ దాచుకుంటున్నానని మాత్రమే బావ నాతో అన్నాడు. చుట్టూ చెక్కపొట్టూ రంపాలూ చూస్తే సాయంత్రాలన్నీ దాన్ని బాగుచేస్తూ ఇక్కడే గడుపుతున్నాడని తెలిసిపోయింది.

అప్పుడు ఎదుటి గోడ చూశాను. సిమెంటు దిమ్మెల్లో నడిమి వరస లోపలికి ఉబ్బి పొట్ట వేసింది. దాని పొడుగునా ఒక పగులు పాకింది. అందులోంచి సన్నగా పొడి రాలుతోంది.

"వచ్చావా ఇన్‌స్పెక్టరమ్మా," అన్నాడు బావ. "చూడు, నీ వరదని గుమ్మంలోనే నిలబెట్టాను."

"బావా, తలుపు తీసుకుని బయటికి రా."

"తలుపు రాదు. బయట నీళ్ళు నొక్కేస్తున్నాయి. వచ్చినా రాను."

"ఆ గోడ చూడు."

"చూస్తూనే ఉన్నా. పొడిగా ఉంది."

"పొడిగా ఉండడమే దాని రోగం. బయట నడుంలోతు నీళ్ళు తోస్తుంటే లోపల ఎదురు తోసేది ఏమీ లేదు. నువ్వు తోడిన కొద్దీ గోడ నీ మీదికే వస్తుంది. పంపులు ఆపి చెక్కలు ఊడదియ్యి."

అతను గోడ వైపు చూశాడు. ఆ పొడి అతనికీ కనబడింది, నాకు తెలుసు. కానీ చేయి పడవ అంచు మీదే ఉంది. "ఇంకా సందులు పూడ్చలేదు యూలా. నీళ్ళొస్తే మునిగిపోతుంది. ఇది మీ నాన్నది. నేనాపను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పడవ మీద నాకు మాత్రం ప్రేమ లేదా? అతనితో వాదించే టైము లేదు. వెనక్కి తిరిగి కేకేశాను. "అక్కా, జనరేటరు ఆపు."

"ఆపకు వెర్నా," లోపలి నుంచి బావ అరిచాడు. "ఆపావంటే నన్ను ముంచినట్టే."

అక్క గ్లాసు కింద పెట్టింది. ఒకసారి నన్ను చూసింది, ఒకసారి గ్యారేజీని చూసింది. అంత దూరం నుంచి గోడ ఆమెకు కనబడదు. నా మాట ఒక్కటే వినబడుతుంది. వంగి, మీట నొక్కింది.

పంపులు ఆగిపోయాయి. అంతవరకూ ఆ మోతలో వినబడని చప్పుడు అప్పుడు వినబడింది. గోడలోంచి కటకటమని, పళ్ళు కొరికినట్టు. దిమ్మె ముక్క ఒకటి ఊడి బావ కాళ్ళ దగ్గర పడింది.

"బావా," అన్నాను, ఈసారి మెల్లగా. "నువ్వు అక్కని పెళ్ళికి అడగడానికి వచ్చిన రోజు గుర్తుందా? రేవులో ఈ పడవ మునిగి ఉంటే, పైకి తీద్దామని బట్టలతోనే దూకేశావు."

అతను పడవ వైపు తిరిగాడు.

"నాన్న ఏమన్నాడు?"

"నవ్వాడు," అన్నాడు బావ. "తనే బకెట్లతో పోసి ముంచానన్నాడు. ఎండిన పడవ నీళ్ళు తాగి ఉబ్బితే గానీ సందులు బిగవవబ్బాయ్, అన్నాడు."

"మరి ఇప్పుడు దేన్నుంచి కాపాడుతున్నావు దాన్ని?"

అతను పడవను ఒకసారి నిమిరి, బ్యాటరీ డ్రిల్లు అందుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మొదటి చెక్కకు చివరి స్క్రూ ఊడీ ఊడకముందే నీళ్ళు ఆ చెక్కను విసిరికొట్టాయి. అది భుజానికి తగిలి వెనక్కి పడ్డాడు. లేచాడు. రెండోది, మూడోది. గోధుమరంగు నీళ్ళు ధారలు కట్టి కొడుతుంటే గోడ పట్టుకుని పాకుతూ ఒక్కొక్కటీ ఊడదీశాడు. తరువాతివి నీళ్ళలో చేత్తో తడుముకుంటూ తీయవలసి వచ్చింది. ఒకసారి తల మునిగి కనబడలేదు. నేను కిటికీ చట్రం పట్టుకుని పేరు పెట్టి పిలిచాను, బావా అని కాదు. దేవుణ్ణి కూడా తిట్టాను, తరువాత క్షమించమన్నాను.

తల పైకొచ్చింది. "ఎనిమిది," అన్నాడు దగ్గుతూ. "లెక్క చూసుకో."

నాన్న పడవ కొద్దిగా లేచింది, పక్కకి తిరిగింది, సందుల్లోంచి నీళ్ళు తాగి నెమ్మదిగా అడుక్కి పోయింది. బావ దాన్ని ఆపడానికి చేయి చాచలేదు. లోపలా బయటా నీళ్ళు సమానమయ్యాక కటకట ఆగిపోయింది. అంతసేపూ కదలని తలుపు అరచేత్తో తోస్తే తెరుచుకుంది.

అతన్ని నా పడవలో ఎక్కించుకుని ఇంటి మెట్ల దగ్గర దింపాను. అక్క అతని మొహం రెండు చేతులతో పట్టుకుని చూసింది, తువ్వాలు కప్పింది. అతను లోపలికి వెళ్ళాక నా వైపు తిరిగింది.

"ఆపేటప్పుడు నువ్వు చెప్పింది తప్పయితే ఏం గతి అనుకున్నాను."

"తప్పయితే?"

"మళ్ళీ ఈ మెట్లు ఎక్కనిచ్చేదాన్ని కాదు. చచ్చేదాకా."

నేను అక్కడే తడి మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. అక్క పక్కన కూర్చుంది. తను ఏడవలేదు.

వరద తగ్గడానికి చాలా రోజులే పట్టింది. తగ్గాక గ్యారేజీ చూడటానికి వెళ్ళాను. పొట్ట వేసిన గోడ నిలబడే ఉంది, దాన్ని విప్పి మళ్ళీ కట్టమనీ, లోపల రంపాలు పెట్టుకుని పని చేయకూడదనీ నోటీసు ఇచ్చాను. బావ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వచ్చిన వరదంతా ఆ ఎనిమిది కన్నాల్లోంచే పోయింది. నేల మీద బురద తప్ప ఏమీ లేదు. ఆ బురద మధ్యలో నాన్న పడవ ఉంది, అంచుల దాకా నీళ్ళతో. ఒక్క బొట్టు కారడం లేదు.

బావ దాని ముందు వంగాడు. వేలితో పలకల మధ్య తడిమాడు. సందు దొరకలేదు.

"మరదలా," అన్నాడు, "దీనికి మాత్రం కన్నాలు పెట్టమనకు."