కడిగిన పాలడబ్బా

టానర్స్ ఫోర్డ్‌లో అక్టోబరు వచ్చిందంటే ఏ ఇంట్లోనూ చెత్తబుట్ట నిండదు. గుడ్ల అట్టలు గబ్బిలాలవుతాయి, చిరిగిన మేజోళ్ళు సాలెగూళ్ళవుతాయి, టాయిలెట్ కాగితం చుట్టల్లోంచి గుడ్లగూబలు కళ్ళు మిటకరిస్తాయి. నెలాఖరు దయ్యాల పండగ హాలోవీన్‌కి దుకాణంలో దయ్యాన్ని కొని తెచ్చే ఇల్లాలిని ఆ ఊరు ఉత్త సోమరిపోతు కింద జమకడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పాలడబ్బా దయ్యాలు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాకి నల్లరంగుతో కళ్ళూ నోరూ గీసి వరండాలో వేలాడదీస్తారు. లోపల బల్బులు పెట్టరు, అవసరం లేదు. పాలడబ్బా అయినా జాం సీసా అయినా, అందులో ఆఖరిది ఎవరి నోట్లోకి పోయిందో వాళ్ళు ప్రాణంతో ఉన్నంతకాలం, అక్టోబరు సాయంత్రాలు దానంతటదే వెలుగుతుంది; వాళ్ళకి సంతోషమైతే వెలుగు రెట్టింపవుతుంది. సబ్బుతో మాత్రం కడగకూడదు. అందుకే ఆ నెలంతా ఊరు కాస్త పులిసిన పాల వాసనేస్తుంది. ఎవరూ ముక్కు మూసుకోరు.

ఆర్లీన్ కొవాలిక్‌కి ఈసారి చేతులాడక పని పండగ రోజుదాకా వచ్చింది. భర్త ఎమ్మెట్ మార్చిలో పోయాడు. ఇక మిగిలినవి రెండే డబ్బాలు. ఒకటి తనది. రెండోది కూతురు లోరీది, పసుపు తిరిగిపోయిన పాతది. తొమ్మిదేళ్ళ కిందట, సెప్టెంబరులో ఓ పొద్దున, తండ్రితో గొడవపడి, డబ్బాలో మిగిలిన గ్లాసుడు పాలు నించునే తాగి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది లోరీ. మళ్ళీ కబురు లేదు. ఆ డబ్బానే ఆర్లీన్ దాచుకుని, ఏటేటా కళ్ళు దిద్ది ఎమ్మెట్ చేతికిచ్చేది.

"నిచ్చెన పని నాది. నువ్వెక్కి నడుం విరగ్గొట్టుకోకు," అనేవాడు ఎమ్మెట్. ఎక్కి కట్టేవాడు. డబ్బా వెలిగేది. కింద నించుని ఆర్లీన్ కళ్ళు తుడుచుకునేది.

"వెతుకుదామయ్యా. బేకరీలో రోజ్‌మేరీ దాని స్నేహితురాలేగా, అడిగి చూద్దాం," అనేది.

"వెలుగుతోందిగా, బతికే ఉంది. రావాలనిపించినప్పుడు అదే వస్తుంది, వదిలెయ్," అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. రాతిగుండె మనిషివి అనేది ఆమె. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి అంది.

ఈసారి నిచ్చెన తనే ఎక్కింది. పొద్దు వాలుతుండగా ఆమె డబ్బా మెల్లగా వెలిగింది. లోరీది వెలగలేదు. వీధిలో మిగతా ఇళ్ళన్నీ వెలిగాయి. ఆర్లీన్ డబ్బాని అటూ ఇటూ కదిపింది. లోపల ఏదో ఊడి గలగల్లాడింది. వెనకవైపు, పిడి చాటున, చిన్న కోత ఉంది. వేళ్ళు దూర్చి లాగితే వచ్చింది, నల్ల టేపు చుట్టిన బుల్లి బల్బు, చిలుం పట్టిన బ్యాటరీ. ఆ టేపు చుట్టిన తీరు ఎమ్మెట్‌దే.

ఆమెకి అర్థమైపోయింది. మొదటి ఏడే ఈ డబ్బా వెలగలేదు. నిచ్చెన మీద ఒంటరిగా చూసింది ఆయన. పిల్ల లేదన్న సంగతి కడుపులో పెట్టుకుని, పెళ్ళాం కోసం బల్బు కొనుక్కొచ్చాడు. ఆ మనిషినేనా తను రాతిగుండె అన్నది.

ఆర్లీన్ వరండా లైటు ఆర్పేసి మెట్ల మీద కూర్చుంది. ఇంటింటికీ మిఠాయిలడిగే పిల్లలు లైటు లేని గుమ్మం ఎక్కరు. మంత్రగత్తెల వేషాలూ అస్థిపంజరాల వేషాలూ సంచులు ఊపుకుంటూ పక్కింటికి పోయారు. అది చూసి ఎదురింటి బెర్నిస్ వచ్చింది.

"ఏమే, మిఠాయిలన్నీ ఒక్కదానివే మింగుదామనా?"

ఆర్లీన్ బల్బు చూపించింది. "నా పిల్ల ఎప్పుడో పోయింది బెర్నిస్. ఆయనకి తెలుసు. నాకు చెప్పలేదు."

బెర్నిస్ పక్కన చతికిలబడి, డబ్బా అందుకుని, మూత దగ్గర వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"దీన్నెవరు కడిగారే?"

"ఎవరు కడుగుతారు?"

"మరి పాలవాసన ఏదీ? ఉండుండు. లోరీ వెళ్ళిపోయిన ఆ సెప్టెంబరులో మీ ఆయన నా సీసాల బ్రష్ అడిగి పట్టుకెళ్ళాడు. చెత్తబండి వాడు మురికి డబ్బాలు తీసుకోనంటున్నాడు, సింకు దగ్గరున్నవన్నీ కడిగిపెడతా, ఆర్లీన్ దిగులుగా ఉంది, కాస్త పని తగ్గుతుంది, అన్నాడు." బెర్నిస్ గొంతు తగ్గింది. "పైఊరి వాడు, పిట్స్‌బర్గ్ మనిషి. ఆయనకి చెప్పావా, కడగకూడదని?"

ఆర్లీన్ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు.

"కడిగిన డబ్బా బతికున్నవాళ్ళకీ వెలగదు, చచ్చినవాళ్ళకీ వెలగదు," అంది బెర్నిస్. "అది చెప్పేదేం లేదు."

ఆర్లీన్ లేచి, మెట్లెక్కి లోరీ గదిలోకి వెళ్ళింది. పిల్ల వెళ్ళిన ఆ పొద్దున్నుంచీ ఎమ్మెట్ ఆ గడప తొక్కలేదు, ఆమె దుమ్ము దులిపి వచ్చేయడమే తప్ప ఏదీ కదపలేదు. బట్టల అల్మారా తలుపు తీసింది. అడుగున, పాత బూట్ల వెనకాల, పీనట్ బటర్ సీసా, అందులోనే చెంచా. దొంగతనంగా నాకడం ఆ పిల్లకి చిన్నప్పటి అలవాటు. సీసా నిండుగా వెలుగుతోంది. మూసిన తలుపుల వెనక అన్ని అక్టోబర్లూ అలాగే వెలిగింది.

అప్పుడేడ్చింది ఆర్లీన్. "ఎంత పని చేశావయ్యా ఎమ్మెట్. బతికున్న పిల్లకోసం కుళ్ళి కుళ్ళి చచ్చావు కదయ్యా."

సీసా ఒళ్ళో పెట్టుకుని రోజ్‌మేరీకి ఫోను చేసింది.

"లోరీ నెంబరు ఎప్పుడూ నా దగ్గరే ఉంది మిసెస్ కొవాలిక్," అంది ఆ అమ్మాయి. "ఇంట్లోవాళ్ళు అడిగితేనే ఇమ్మంది. మీరు అడుగుతారేమోనని చూస్తూనే ఉన్నాను."

అవతల ఫోను చాలాసేపు మోగింది. ఎత్తిన గొంతు కాస్త లావెక్కింది, అయినా అదే గొంతు.

"లోరీ, నేనే. అమ్మని."

లోరీ చిన్నపిల్లలా అడిగింది. "నాన్నే చెయ్యమన్నాడా? కోపం తగ్గిందా?"

"తగ్గిందమ్మా. నువ్వెళ్ళిన మర్నెలకే తగ్గింది."

"నిజంగానా? అయితే ఒక్కసారి ఆయనకివ్వమ్మా," అంది లోరీ.

ఒళ్ళో సీసా ఒక్కసారిగా ఎంత వెలిగిందంటే, ఆర్లీన్ కళ్ళు మూసుకోవలసి వచ్చింది.