తాడు కట్టిన మలుపు

భర్త సైకిల్ కడగడం తన పని ఎప్పుడైందో ఆవిడకి గుర్తు లేదు. పెళ్ళినాడు ఆ మాట ఎవరూ అనుకోలేదు. మొదట్లో ఒకసారి ఆయన గుట్ట మీంచి వచ్చి సోఫాలో వాలిపోతే, పోనీలే పాపం అని ఒక బక్కెట్టు నీళ్ళు పోసింది. అంతే, ఆ పాపం కాస్తా పద్ధతైపోయింది. ఇప్పుడాయన సైకిల్ని పెరటి గోడకి ఆనించి, "ఏమోయ్, బండి వచ్చింది" అంటాడు, చుట్టమేదో వచ్చినట్టు. ఆవిడ చేతులు పైకి మడుచుకుని, పాత పళ్ళ బ్రష్షుతో టైరు గుబ్బల సందుల్లోంచి మట్టి గీకుతుంది. వెనక టైరుకి ఒక గుబ్బ ఊడిపోయింది. అక్కడ బ్రష్షు జారి ప్రతిసారీ వేళ్ళు గీసుకుంటాయి. "నువ్వు కడిగితే కొత్తదానిలా ఉంటుందోయ్" అంటాడాయన. మెచ్చుకోలే అది. ఒకసారి మెచ్చుకున్నారంటే ఆ పని ఇక జన్మంతా మన నెత్తినే అని ఏ ఆడపిల్లకీ ఎవరూ ముందుగా చెప్పరు కదా.

"వారమంతా వాడు కష్టపడతాడమ్మా, ఆదివారం ఒక్కపూట వాడి సరదా వాడికి ఉండనీ" అంటుంది అత్తగారు. వారమంతా ఆవిడా ఇన్సూరెన్సు ఆఫీసులో కూర్చుంటుంది. మీటింగులుంటే కుర్చీలు సర్దేదీ ఆవిడే. "మీరైతే నీట్‌గా చేస్తారు మేడం" అని మేనేజరు ఆ పని ఇంకెవరికీ చెప్పడు. అయినా ఆవిడ కష్టపడుతోందని ఎవరికీ తోచదు. ఆయన ఉద్యోగానికి వెళ్తాడు, ఆవిడ ఆఫీసుకి వెళ్ళొస్తుంది. ఆ ఇంట్లో మాటలే అలా ఉంటాయి.

ఇంతకీ ఆయన సరదా ఏమిటంటే, ఊరి చివర గుట్ట మీద సైకిళ్ళు తొక్కడానికి దారులు వేయడం. జీతం లేదు, బత్తెం లేదు. ఆదివారం పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని కొంతమంది చేరతారు. వాళ్ళకి పెద్ద దిక్కు ఒక పళ్ళ డాక్టరు. అందరూ డాక్టరక్క అంటారు. దారిలో గుంట కనబడితే చాలు, "పుచ్చిపోయింది, శుభ్రంగా తవ్వి నింపాలి" అంటుంది. మగవాళ్ళు మట్టి తవ్వుతుంటే, వాళ్ళ భార్యలు కింద టార్పాలిన్ నీడలో టీ కాస్తారు, బ్రెడ్డు కోస్తారు. ఇంట్లో చేసే పనే, కాకపోతే గాలి బాగా వస్తుంది. ఒక ఆదివారం రాళ్ళు మోసే వాళ్ళు తక్కువయ్యారు. "చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళెవరమ్మా?" అని డాక్టరక్క పైనుంచి కేకేసింది. టార్పాలిన్ కింద ఆవిడ చేతిలో కత్తి ఉంది, ముందు సగం కోసిన బ్రెడ్డుంది. కత్తి పక్కన పెట్టి లేచింది.

తర్వాత మళ్ళీ టార్పాలిన్ కింద కూర్చోలేదు. నీళ్ళు దారి వెంట పరిగెత్తకూడదనీ, అడ్డంగా దాటి కిందికి జారిపోవాలనీ, అందుకే దారిని లోయ వైపు కాస్త వాల్చాలనీ నేర్చుకుంది. ఎండాకులు కలిసిన పైమట్టి పనికిరాదనీ, దాన్ని పక్కకి లాగేసి గట్టి మట్టి వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలనీ నేర్చుకుంది. చేతులు బొబ్బలెక్కాయి. "ఇంట్లో గిన్నెలు తోమితే నడుం నొప్పి, ఇక్కడ దిమ్మిస కొడితే లేదేం?" అని ఆయన అందరి ముందూ నవ్వాడు. ఆవిడా నవ్వేసింది. నిజమే, లేదు. ఎందుకు లేదో ఆలోచించుకుంటూ ఆ రాత్రంతా సంతోషపడింది. గిన్నెలు తోమితే మరో పూటకి మళ్ళీ అవే గిన్నెలు. ఇక్కడ కొట్టిన మట్టి కొట్టినచోటే ఉంటుంది.

వాలు బాగా ఎక్కువున్న చోట ఒక మలుపు కట్టాలి. దాని బయటి అంచు గోడలా లేచి ఉండాలి, లేకపోతే వేగంగా వచ్చే సైకిల్ లోయలోకి పోతుంది. "ఇది నీది" అంది డాక్టరక్క. నీది! ఆ మాట ఆవిడతో అంతకుముందు ఎవరన్నారు? వంటిల్లు అత్తగారిది, హాలు ఆయనదీ టీవీదీ, బీరువాలో అరలు కూడా పంచుకున్నవే. ఆదివారాల తర్వాత ఆదివారాలు రాళ్ళు పేర్చింది. వాగు దగ్గర్నుంచి పసుపు బంకమట్టి బస్తాలకెత్తి మోసుకొచ్చింది. ఆ గుట్ట మీద అలాంటి మట్టి ఇంకెక్కడా లేదు. చివరికి డాక్టరక్క అంచు మీదికెక్కి గెంతి చూసి, "బ్రహ్మాండం" అని రెండు వైపులా తాడు కట్టించింది. వాళ్ళకొక కట్టుబాటుంది. కొత్త మట్టి గట్టిపడేదాకా తాడు దాటి ఏ చక్రమూ పోకూడదు. పాడుచేసినవాళ్ళు తమ చేత్తోనే బాగుచేయాలి. తాడు విప్పిన రోజు మొదటి చక్రం కట్టినవాళ్ళది.

వాన పడింది. మరుసటి ఆదివారం ఆవిడ ముందు తన మలుపు దగ్గరికే వెళ్ళింది. మలుపు మధ్యలో జానెడు లోతు గాడి పడింది, బయటి అంచు విరిగి కిందికి జారిపోయింది, లోపలి రాళ్ళు పళ్ళికిలించాయి.

అందరూ చుట్టూ చేరారు. ముందుగా నోరు విప్పింది ఆయనే. "నేను అనుకుంటూనే ఉన్నాను. కొత్త చెయ్యి కదా, ఇంత వాలు మీద నిలుస్తుందా? వాన దెబ్బకి కూలింది. పీకేసి దారి తిన్నగా లాగేద్దాం అక్కా, పనైపోతుంది."

"పాపం, చాలా కష్టపడ్డారావిడ" అన్నారెవరో, పోయినవాళ్ళ గురించి అన్నట్టు. ఇంకెవరో పలుగు కూడా అందుకున్నారు.

ఆవిడ గాడి పక్కన కూర్చుంది. వాన కూల్చితే మట్టి కడుక్కుపోయినట్టు ఉండాలి. ఇది కోసుకుపోయింది. గాడిలో గుబ్బల అచ్చులు వరసగా ఉన్నాయి. కొంచెం దూరానికొకసారి, ఒక గుబ్బ ఉండాల్సిన చోట నున్నగా ఉంది. ఆవిడ వేళ్ళకి ఆ చోటు తెలుసు. నిన్న సాయంత్రం వాన వెలిశాక, ఆయన టైర్లకి గాలి పట్టించుకొస్తానని వెళ్ళాడు. చీకటి పడుతుండగా వచ్చి, "ఏమోయ్, బండి వచ్చింది" అన్నాడు. ఎంతకీ వదలని పసుపు మట్టి. ఈ మట్టి ఇంత మొండిదేమిటి అని విసుక్కుంటూ కడిగింది తనే.

చెప్పాలా? ఇన్నేళ్ళలో ఎన్ని కప్పింది! పిల్లదాని స్కూలు మీటింగు ఆయన మర్చిపోతే ఒంట్లో బాగాలేదని చెప్పింది. ఆయన విసిరిన కప్పు తన చేయి తగిలి పడిందని చెప్పింది. ఇంటి గుట్టు గడప దాటకూడదని అత్తగారు మొదటి నెలలోనే నేర్పింది. గడప లోపల మాత్రం ఎవరికి చెప్పుకోవాలో నేర్పలేదు. ఇప్పుడూ ఊరుకోవచ్చు. ఊరుకుంటే సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మలుపు మాత్రం ఉండదు. అది నిలవలేదని, కట్టిన చెయ్యి చేతకానిదని రేపట్నుంచి ఈ గుట్ట మీద అందరూ అనుకుంటారు. కొన్నాళ్ళకి తనూ అలాగే అనుకుంటుంది. అది తలుచుకోగానే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"పలుగు దించండి" అంది. "మలుపు వానకి పడలేదక్కా. తడి మట్టి మీద ఎవరో తొక్కారు." భర్త వైపు తిరిగింది. "ఇది మీ టైరండీ."

ఆయన తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. తర్వాత నవ్వబోయాడు. "ఊరుకోవోయ్, టైర్లన్నీ ఒకేలా ఉంటాయి."

"ఉండవు. వెనక టైరుకి గుబ్బ ఊడింది. వారం వారం కడిగేది నేనేగా."

డాక్టరక్క సైకిల్ దగ్గరికి నడిచి, వెనక చక్రం ఎత్తి ఒక చుట్టు తిప్పింది. గుబ్బ లేనిచోట వేలు పెట్టి ఆపింది.

"ఎలాగూ నీకు తొక్కడం రాదు కదా" అన్నాడాయన, గొంతు తగ్గించి. "మొదటిరోజు నీ బదులు నేనేగా తొక్కేది. ఎలా ఉందో ఒకసారి చూద్దామనుకున్నాను. ఇంత పని అవుతుందనుకోలేదు. సరే, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్తే నేను మాట్లాడనండీ. అక్కడ నాకు అలవాటు లేదు. ఇక్కడే మాట్లాడుకుందాం."

టార్పాలిన్ కిందనుంచి ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కోపంగా వెళ్ళిపోతాడనే ఆవిడ అనుకుంది. వెళ్ళలేదు. అందరి ముఖాలూ చూసి, విరిగిన అంచు చూసి, "తప్పే" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఆవిడకి అదే మొదలు. పార తీసుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఆవిడ చెప్తుంటే ఆయన చేశాడు. వాగు నుంచి బస్తా మోసుకొచ్చి ఆయాసపడుతూ, "ఇంత బరువా! ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే మోశావా?" అన్నాడు. ఆవిడ బస్తా మూతి విప్పింది. కాసేపటికి మట్టి పిడికిట్లో పట్టి చూపిస్తూ, "తడి సరిపోతుందా?" అని అడిగాడు. ఆవిడ నొక్కి చూసి, ఇంకొంచెం నీళ్ళు పోయించింది. తనని అడిగి ఆయన చేసిన పని ఇంకోటేదన్నా ఉందా అని వెతుక్కుంది, ఒక్కటీ దొరకలేదు. అయితేనేం, ఇవాళ ఒకటి దొరికింది.

పనయ్యాక డాక్టరక్క మళ్ళీ తాడు కట్టింది. "ఇది గట్టిపడాలంటే మళ్ళీ చాన్నాళ్ళు పడుతుందమ్మాయ్. విప్పిన రోజు మొదటి చక్రం మరి?"

ఆయన వంగి పారకంటిన మట్టి గీకసాగాడు.

"నాదే అక్కా."

"నీకు రాదుగా?"

"రాదు. నేర్చుకుంటాను. అప్పటిదాకా విప్పకండి."

చేతుల మట్టి దులుపుకుని, చెట్టుకి ఆనించిన సైకిల్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. సీటు ఆవిడ నడుం దాకా ఉంది.

"ఏవండీ" అంది, "ఈ సీటు కాస్త కిందికి దించండి. నా కాళ్ళు అందాలి."