పక్క బల్ల

కాల్పుల గీత దగ్గర టెస్సా సంచి విప్పి నాన్న పిస్టల్ బయటికి తీయగానే మార్లిస్‌కు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లప్పుడు తను ఎంత బతిమాలినా ఇవ్వని పిస్టల్ అది. "నీ చేతికి బరువమ్మా" అన్నాడు అప్పట్లో. నిన్నగాక మొన్న ఇంట్లో అడుగుపెట్టిన తమ్ముడి పెళ్లానికి మాత్రం బరువు కాకుండా పోయింది!

కారణం లేకపోలేదు. టెస్సా కొనుక్కున్న చిన్న పిస్టల్ దెబ్బకు సీసాల్లాంటి కర్ర బౌలింగ్ పిన్నులు బల్ల మీద వాలేవే తప్ప కింద పడేవి కావు. ఈ ఆటలో ఒక్కొక్కరి బల్ల మీద అయిదు పిన్నులుంటాయి, తన అయిదింటినీ ముందుగా కాల్చి పడగొట్టినవాళ్లదే గెలుపు. వాలితే లెక్క లేదు, అయిదూ బల్ల దిగి నేలను తాకాలి. పడుకున్న పిన్ను మరీ మొండిది, గురి కాస్త తప్పితే గిర్రున తిరుగుతూ అక్కడే ఉంటుంది. అది చూసి నాన్న ఆర్విల్ పడీపడీ నవ్వి, తన పాత పిస్టల్ ఆమె చేతిలో పెట్టాడు. కారణం తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా?

ఆ మిషిగన్ పల్లె క్లబ్బులో ఆడవాళ్ల పందెం మార్లిస్‌దే, ఏటా. ఈసారి చివరి జోడీలో ఆమెకు ఎదురుపడింది టెస్సాయే.

"వదినా, మొదటిసారి కదా, కాస్త చూసీచూడనట్టు పోవా?" అంది టెస్సా.

"నాన్న పిస్టలే కాలుస్తుందిలే, నువ్వు పట్టుకుంటే చాలు."

టెస్సా నవ్వేసింది. అదే మార్లిస్‌కు గిట్టనిది.

పైగా ఆర్విల్ వచ్చి టెస్సా వెనక నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆయన నిలబడింది మార్లిస్ వెనక. "కొత్తపిల్ల, బెదురుతుంది" అన్నాడు, మార్లిస్ అడక్కుండానే. ఆమె చెవులకు మోత ఆపే కప్పులు పెట్టేసుకుంది.

ఈల మోగింది. మార్లిస్ మొదటి నాలుగు పిన్నులనూ ఎగరగొట్టింది. అయిదోది అంచుకు తగిలి బల్ల మీద పడుకుంది. తాపీగా గురి చూస్తే పోయేదే. కానీ కంటి కొసన నాన్న చెయ్యి టెస్సా భుజం మీద పడటం కనిపించింది. తల తిప్పింది. టెస్సా బల్ల మీద ఇంకా రెండున్నాయి. మార్లిస్ ఆదరాబాదరాగా పేల్చింది. పిన్ను గిర్రున తిరిగింది. మళ్లీ పేల్చింది, తూటాలు అయిపోయాయి. కొత్తవి ఎక్కించుకునేలోగా పక్కన ఒకటి, ఆగి ఇంకొకటి నేలకు రాలాయి.

ఓడినవాళ్లు గెలిచినవాళ్ల బల్ల సర్దాలి, అది క్లబ్బు ఆచారం. తుపాకులన్నీ ఖాళీ చేశాక మార్లిస్ పెదవి కొరుక్కుంటూ టెస్సా పిన్నులు ఏరుతోంది. టెస్సా కూడా వంగింది.

"ఓడింది నేను, నువ్వు ముట్టుకోకు."

"కోప్పడకు వదినా. నీ పిన్ను వాలింది కూడా నాకు తెలియదు, ఒట్టు. నేను పక్కకు చూడలేదు."

"నాన్న బాగా నేర్పాడు."

"ఆయనేం నేర్పాడు! ఏం అడిగినా ఒక్కటే మాట: 'మా మార్లిస్‌ను చూసి నేర్చుకో. పక్క బల్ల వైపు చచ్చినా చూడదు.' విని విని నాకు నీ మీద ఎంత కుళ్లుగా ఉండేదో!"

అవతల నాన్న ఇటే చూస్తున్నాడని మార్లిస్‌కు తెలుసు. పిన్నులన్నీ నిలబెట్టడం అయిపోయినా ఆమె తలెత్తలేదు.