జిగురు మౌల్వీ

మైదా జిగురు చల్లారకముందే పూయాలి. ఆయన కుంచెను గిన్నె అంచుకు రాసి, పుస్తకం వీపు మీద పైనుంచి కిందికి ఒక్క ఊపున లాగాడు. వేళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ జిగురు పొరలుగా ఎండి ఉంది. వీధివాళ్ళు ఆయన్ని జిగురు మౌల్వీ అనేవారు. పట్టుకుంటే వదలడని వెనకాల నవ్వుకునేవారు కూడా. పొద్దంతా పుస్తకాలకు అట్టలు వేసి, సాయంత్రం మసీదులో పాఠం చెప్పేవాడు. పాలకుడు ఇస్తానన్న కొలువు వద్దన్నాడు. ఒకరి ఉప్పు తింటే వాళ్ళ మాటే నోట్లోకి వస్తుందని ఆయన భయం.

ఆ రోజు అల్లుడు పనికి పోకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. అతను పాలకుడి కచేరీలో గుమాస్తా. కొత్త చట్టాన్ని ఎదిరించి రోడ్డుకు అడ్డం కూర్చున్న ముగ్గురు మిల్లు కూలీలకు ఉరి ఖాయమైంది. విచారణ లేదు. ఊరు తిరగబడకుండా, షరియత్ దీనికి ఒప్పుకుంటుందని అయిదుగురు పండితుల చేత ఫత్వా రాయిస్తున్నారు. నలుగురి సంతకాలు పడ్డాయి. మిగిలింది మౌల్వీదే.

"మామయ్యా, మీరొక్కరు పెట్టకపోతే ఉరి ఆగుతుందా? నా ఉద్యోగం మాత్రం పోతుంది."

ఆయన సూదిలో దారం ఎక్కించబోయాడు. మూడుసార్లు తప్పింది. లోపల కూతురు గిన్నెలు తోమడం ఆపేసింది.

పదకొండింటికి కార్యదర్శి కాగితంతో వచ్చాడు. ఒకప్పుడు ఈ చాప మీదే అక్షరాలు దిద్దిన శిష్యుడు. ఇప్పుడు బూట్లు విప్పకుండా గడప అవతలే నిలబడ్డాడు. మౌల్వీ కాగితం రెండుసార్లు చదివాడు. నాలుగో సంతకం తన చిన్ననాటి స్నేహితుడిది. చివరి అక్షరం వంకర పోయి ఉంది.

"వీళ్ళని విచారించిందెవరు?"

"దొరగారే చెబుతున్నారు కదా, ఉస్తాద్."

"నేరం మోపినవాడే తీర్పు చెబితే, ఇక నేనెందుకు నాయనా?"

కార్యదర్శి అల్లుడి వంక చూసి గొంతు తగ్గించాడు. జ్వరంతో మంచం పట్టారని రాసుకుపోతానన్నాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదన్నాడు. మౌల్వీ జిగురు గిన్నె మీద మూత పెట్టాడు. కూతురు తలుపు చాటు నుంచి ఆయన పెదవులనే చూస్తోంది.

"జ్వరం లేదు. పద, నేనే చెబుతాను."

 అల్లుడే చెయ్యి ఇచ్చి లేపాడు. ఎండ మాడుస్తోందని కూతురు గొడుగు అందించింది.

కచేరీ వాకిట్లో కాపలావాడు గొడుగు తీసుకుని గోడ కొక్కేనికి తగిలించాడు. లోపల ఆయన్ని కూర్చోమనలేదు. సంతకం పెట్టిన నలుగురూ నీకన్నా చదువుకున్నవాళ్ళు కాదా అని పాలకుడు నిదానంగా అడిగాడు.

"అయి ఉండొచ్చు. వాళ్ళ జవాబు వాళ్ళు చెప్పుకుంటారు. విచారణ లేకుండా ప్రాణం తీస్తే అది హత్యే. దానికి ఇంకో పేరు నేను రాయలేను. రేపు పైవాడి ముందు మీరూ నేనూ ఒకే వరుసలో నిలబడాలి."

  పాలకుడు కాగితం మడిచాడు. కార్యదర్శి నేల చూశాడు. ఇద్దరు జవాన్లు వచ్చి మౌల్వీని పక్క తలుపులోంచి తీసుకుపోయారు.

ఆ సాయంత్రం మసీదులో విద్యార్థులు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. పాఠం చెప్పేవాడు రాలేదు. సంగతి నోటా నోటా పాకింది. తెల్లారేసరికి ఆ వంకర అక్షరం స్నేహితుడు కచేరీకి వెళ్ళి, తన సంతకం కొట్టేయమని అడిగాడు. అతని వెనక సగం ఊరు ఉంది. ఉరి ఆగింది, ముగ్గురినీ విచారణకు పంపారు.

మౌల్వీని మాత్రం వదల్లేదు. తొమ్మిదో రోజున గుండె ఆగిందని కబురొచ్చింది. అప్పటికే ఉద్యోగం పోయిన అల్లుడు కచేరీ వెనక వాకిలి నుంచి శవాన్ని తెచ్చుకున్నాడు. ముందు వాకిట్లో అడగవలసిందొకటి ఉందని ఎవరికీ తోచలేదు.

అక్కడ కొక్కేనికి గొడుగు అలాగే ఉంది. ఎప్పుడో విరిగిన దాని పిడికి, పుస్తకాల వీపుకి అంటించే ఎర్ర గుడ్డ ముడత పడకుండా చుట్టి ఉంది.