అరుగు వరకే ఉచితం

నేను ఒక సిమ్ముని. చిటికెన వేలి గోరంత ఉంటాను. నా మొహాన మెరిసే రేకును చూసి బంగారం అనుకునేవాళ్ళున్నారు. అనుకోకండి. దేన్నీ తొందరపడి నమ్మొద్దని చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను.

పుట్టిన ఫ్యాక్టరీ ఏ ఊళ్ళో ఉందో తెలియదు. ఒకే రోజు వేలమందిమి తెల్లట్టల్లో ఇరుక్కుని పుట్టాం. పుట్టగానే పేరు పెట్టినట్టు ఒక్కొక్కరి చెవిలో ఒక నంబరు ఊదారు. ఎవరు "నువ్వెవరు?" అని అడిగినా ఆ నంబరే చెప్పాలి, అబద్ధమాడకూడదు. మంచి బుద్ధే నేర్పారు అనుకున్నాను. అన్నిటికీ ముందు కీడెంచే నేను, ఆ ఒక్కదాని వెనక కీడుందని ఎంచలేకపోయాను.

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా రంగుల గొడుగు కింద నన్ను బేరానికి పెట్టారు. బేరమని అనకూడదేమో, ఊరికే ఇచ్చారు కదా. గొడుగు కింద కూర్చున్న మన్మధరావు గొంతు చించుకునేవాడు: "ఊరికే సిమ్ము! ఊరికే నెట్టు! బతికినన్నాళ్ళూ ఊరికే! రండమ్మా రండి!" ఆ పథకానికి మా కంపెనీ పెట్టిన పేరు 'అందరి అరుగు'.

ఆ అరుగేమిటో చెబుతాను. పాటలకొకటి, క్రికెట్టుకొకటి, సామాన్ల కొట్టు ఒకటి, వార్తలకొకటి, చదువుకొకటి. మొత్తం ఫోన్లో తెరుచుకునే ఐదు కిటికీలు. కంపెనీతో పొత్తు కుదుర్చుకున్న వాళ్ళవే ఆ ఐదూ. వాటిలోకి ఎంతసేపు తొంగి చూసినా డబ్బు పడదు. ఆరో చోటికి పోవాలంటే మాత్రం డబ్బు కట్టాలి, అది కూడా మిగతా కంపెనీల వాళ్ళకన్నా ఎక్కువ. దారి అందరిదీ. దారిన పోయేవాణ్ణి ఆపి, "ఎవరింటికిరా? మా చుట్టాలింటికైతే ఊరికే పో, వేరే ఇంటికైతే డబ్బు పెట్టు" అనేవాణ్ణి ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసు. కంపెనీలో మేనేజరంటారు.

ఎవరు అరుగువాళ్ళో, ఎవరు కాదో వాళ్ళకెలా తెలుస్తుంది? నేనే చెబుతాను. ప్రతి గుమ్మం దగ్గరా నా నంబరు అడుగుతారు, నేను చెబుతాను. "ఓహో, ఊరికే వచ్చినవాళ్ళా? అక్కడే ఆగండి" అని తలుపు పడుతుంది. తలుపు వేసింది నేను కాదు. కానీ నా పేరు విన్నాకే అది పడేది. ఈ రెండింటికీ తేడా ఉందని అనేవాళ్ళతో నాకు మాటల్లేవు.

దాలమ్మ ఒక ఆదివారం గొడుగు దగ్గరికొచ్చింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. మన్మధరావు వేలిముద్రల మిషను ముందుకు తోశాడు.

"గట్టిగా నొక్కమ్మా."

"నొక్కినాను బాబూ."

"ఇంకో ఏలు పెట్టు. ఇంకోటి. ఏటమ్మా నీకు గీతల్నేవు? అద్దం నాగున్నాయి!"

"జీడి సొన తినేసింది బాబూ. పదమూడేళ్ళయి పిక్కలు కొడతన్నాను. పైతోలే మిగల్నేదు, ఇంక గీతలెక్కడివి?"

వెనక వరసలో ఎవరో అన్నారు: "గీతల్నేని సేతికి రాతేటుంటాది!" అందరూ నవ్వారు. దాలమ్మ కూడా నవ్వింది. పది వేళ్ళలో ఒక్కదాన్నీ మిషను ఒప్పుకోలేదు. చివరికి కాగితాల జిరాక్సులు తీసుకుని నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆ అరచెయ్యి ఎండిన పెంకులా గరగరలాడింది.

ఎవరో వాడి వదిలేసిన టచ్ ఫోన్లో నన్ను దూర్చారు. ఫోను అద్దం కూడా దాలమ్మ వేళ్ళని గుర్తుపట్టేది కాదు. ఏం నొక్కాలన్నా కూతురు ఢిల్లేశ్వరే నొక్కాలి. ఇంట్లో వాళ్ళిద్దరే.

ఢిల్లేశ్వరి ఆ వేసవిలో పదో తరగతి పాసయి, పాలిటెక్నిక్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. సర్టిఫికెట్లు చూసిన మాస్టారు, శ్రీకాకుళంలో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో సీటూ హాస్టలూ తప్పకుండా వస్తాయన్నారు. ఇక మిగిలింది ఒక్క పని. రెండు రోజుల్లోగా ప్రభుత్వం వారి సైటులోకి వెళ్ళి, ఏయే కాలేజీలు కావాలో వరసగా పెట్టాలి. ఆప్షన్లంటారు. సీటొస్తే ఆ పిల్ల చేతులు జీడికి చిక్కవు. రాకపోతే చిక్కుతాయి. ఆ ఇంట్లో అంతకు మించిన లెక్క లేదు.

"అమ్మా, బస్టాండుకాడ నెట్ సెంటర్లో పెట్టీసి వొచ్చెత్తాను."

"ఒక్కర్తివీ ఎల్తావేటే? ఆడ నిండా మగోల్లే. ఎవుడెలాటోడో, నీ కాయితాలు, నీ పోటోలు ఏటి సేత్తారో! నానేమో పని మానీసి రానేను. ఇంట్లో ఊరికే నెట్టుండగా ఊరు తిరగడవేల? ఇందులోనే పెట్టు."

భయపడిందని దాలమ్మను ఒక్క మాట కూడా అనను. ఆడపిల్ల తల్లి భయపడక ఎవరు భయపడతారు? పులి ఎక్కడో ఉందని పిల్లను ఇంట్లో కూర్చోబెట్టింది. పులి ఇంట్లోనే, నాతోపాటు ఫోన్లో ఉంది.

ఢిల్లేశ్వరి సర్కారు సైటు పేరు కొట్టింది. నన్ను అడిగారు, నా నంబరు చెప్పాను. అద్దం మీద చక్రం తిరిగి తిరిగి ఆగి, అక్షరాలు వచ్చాయి: 'ఈ పేజీ మీ అరుగులో లేదు.' దాని కింద పచ్చటి అక్షరాలు: 'పాలిటెక్నిక్ ఆప్షన్ల కోసం ఇక్కడ నొక్కండి. పూర్తిగా ఉచితం.'

పిల్ల నొక్కింది. చదువు కిటికీ తెరుచుకుంది.

నాకు గొంతు లేదు. ఉంటే ఆ రోజు ఇంటి పెంకులు ఎగిరేలా అరిచేదాన్ని. ఆ కిటికీ విజయనగరం అవతల ఒక ప్రైవేటు కాలేజీ అద్దెకు తీసుకున్నది. అచ్చం సర్కారు వారి పట్టికలాంటి పట్టిక పరిచారు. శ్రీకాకుళం కాలేజీ పేరూ అందులో ఉంది. హాల్‌టికెట్ నంబరు, ర్యాంకు, ఫోన్ నంబరు అన్నీ అడిగారు. ఢిల్లేశ్వరి పన్నెండు కాలేజీలు ఆలోచించి ఆలోచించి వరసగా పెట్టింది. పెద్ద ఆకుపచ్చ టిక్కు పడింది. 'విజయవంతం' అని వచ్చింది. దాలమ్మ దేవుడి మూల నుంచి కుంకం తెచ్చి ఫోను వీపున బొట్టు పెట్టింది. నన్ను దాటి, ఆ బొట్టు కిందనించే పిల్ల వివరాలన్నీ విజయనగరం అవతలకి పోయాయి.

మర్నాడు ఫ్యాక్టరీలో దాలమ్మ పక్కన కూర్చునే గవరమ్మ తన కూతురి మాట ఎత్తి అడిగింది: "మా గుంట సెంటర్లో పెట్టింది. కాయితం ఇచ్చినారు. మీకేదే కాయితం?"

"ఫోన్లోంచి కాయితవెలగొస్తాదే, ఎర్రిదానా! టిక్కొచ్చింది కదా."

"టిక్కు మన సూపర్‌వైజరూ ఏస్తాడు. కూలి పెరుగుతాదేటి?"

బల్ల చుట్టూ నవ్వులు. దాలమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం "మరోపాలి సూడవే" అని కూతురికి చెప్పింది. పిల్ల చూసింది. టిక్కు అలాగే ఉంది. గడువు ఆ సాయంత్రంతో అయిపోయింది.

సీట్లు ఇచ్చిన రోజు గవరమ్మ కూతురికి ఆమదాలవలసలో వచ్చింది. ఢిల్లేశ్వరికి మెసేజీ రాలేదు. ఫోను మాత్రం వచ్చింది. తేనెలాంటి ఆడగొంతు: "కంగ్రాట్స్ అమ్మా! మా కాలేజీలో మీ సీటు కన్ఫర్మ్. ఫీజుతో ఎప్పుడొస్తున్నారు?"

"నాది శ్రీకాకుళం కదండీ? మొదటిది అదే పెట్టేను."

"అది ఊరికే మీ ఇంట్రెస్ట్ తెలుసుకోడానికమ్మా."

పిల్ల ఫోను పెట్టేసింది. నేను వెనక చీకట్లో కూర్చుని ఏడుపు విన్నాను. రెండో విడత సీట్లలో మిగిలినవన్నీ ఫీజులు గుంజే చోట్లే.

దాలమ్మ పని మానేసి బస్టాండుకు వెళ్ళింది. కూతురి కోసం మానలేని పని, గొడవ కోసం మానింది. గొడుగు అక్కడే ఉంది.

"ఊరికే ఇచ్చిందానికి గేరంటీ ఏటమ్మా?" అన్నాడు మన్మధరావు. "అరుగు మీద కూకోబెట్టినాం. ఇల్లు రాసిత్తామన్నామా?"

"ఇల్లడగనేదు బాబూ. తలుపుందని సెప్పనేదేం? ఆ తలుపుకి నా గుంట అడిగిన పేరు రాసి, నోపల ఇంకోల్ల కొంప ఎట్టినారేం?"

అతను కొత్తవాళ్ళ వైపు తిరిగి "రండమ్మా రండి" అన్నాడు. పాపం, వాడూ జీతగాడే అని మీరనొచ్చు. నేను అనను.

దాలమ్మ తలపిన్నుతో నన్ను ఫోన్లోంచి పొడిచి తీసింది. ఫ్యాక్టరీ వెనక జీడి తొక్కల కుప్ప మీద విసిరింది. ఇప్పుడు అక్కడే ఉన్నాను. తొక్కల నూనె నా రేకును కొరికేస్తోంది. కుప్పను బట్టీకి ఎత్తేరోజు నా వంతూ వస్తుంది. అలా వేరు వేరు రేట్లు పెట్టడం కూడదని పైనెక్కడో నిర్ణయించారని, గొడుగు ఎత్తేశారని ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. మంచిదే. మళ్ళీ రంగు మార్చుకుని రాదని మాత్రం నేను పూచీ పడను. పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళని ఎరిగినదాన్ని.

ఫ్యాక్టరీ కిటికీలోంచి పిక్కలు కొట్టే బల్ల కనిపిస్తుంది. దాలమ్మ పక్కన ఢిల్లేశ్వరి కూర్చుంటోంది. వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాస్తానంటోంది. దాలమ్మ ఈసారి తనే బస్సెక్కించి సెంటరుకు తీసుకెళ్తానంది. పిక్క ముట్టే ముందు కూతురి వేళ్ళకి ఆముదం ఒకటికి రెండుసార్లు రాస్తుంది. సాయంత్రం పని దిగాక ఆ చేతులు వెలుతురులోకి లాగి, ఒక్కో వేలి కొనా దగ్గరగా పెట్టుకుని చూస్తుంది.

నిన్న కూడా చూసింది. "గీతలింకా ఉన్నాయి" అంది. బొటనవేలి దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది.